గాజుగొట్టం మీద బొట్టు

పసుపు ముద్ద చల్లగా ఉంది. ఇనుము ఇంకా చల్లగా ఉంది. కళ్యాణి మూడు వేళ్లతో పసుపు తీసి బాయిలర్ తలుపు మీద అడ్డంగా రాసింది. దాని నడుమ కుంకుమ అద్ది వేలు తీసింది. బొట్టు గుండ్రంగా, నిండుగా నిలిచింది. పెళ్లైన నలభై ఒకటో రోజున పెట్టిన బొట్టు ఇంత చక్కగా కుదిరినందుకు ఆమెకు ఎంత సంతోషం కలిగిందంటే, మహేందర్ చూశాడో లేదోనని వెనక్కి తిరిగి చూసుకుంది. చూశాడు. ఊక తట్ట పక్కన నిలబడి, ఎవరి కంటా పడకుండా ఆమెకు కనుబొమలు ఎగరేశాడు.

"కొత్త పెండ్లిపిల్ల చెయ్యి. ఈ సీజనంత ఏం గాదు ఇగ," అంది సుందరమ్మ. మిల్లులో ఊక ఊడ్చే సుందరమ్మే ఈ పూజకు పెద్ద. మిర్యాలగూడ ఊరి బయట ఉన్న ఆ ఉప్పుడు బియ్యం మిల్లులో, వానాకాలం వడ్లు దిగడం మొదలవగానే, కార్తీక సోమవారం పూట బాయిలర్ ముట్టిస్తారు. మిల్లులో అందరికన్నా కొత్తగా పెళ్లైన ఆడమనిషి దానికి బొట్టు పెట్టాలి. ఈ ఏడు ఆ భాగ్యం శాంపిల్ రూములో పనిచేసే కళ్యాణిది. "కండ్లకు గూడ పెట్టు బిడ్డా, మరువకు."

కండ్లంటే బాయిలర్ ముఖాన నిలువుగా బిగించిన రెండు గాజుగొట్టాలు. ఒక్కోటి జానెడు పొడవు. కళ్యాణి రెండింటికీ పైనుంచి కింది దాకా పసుపు పూసి, మూడేసి బొట్లు పెట్టింది. పెట్టేటప్పుడు మనసులో ఒక్కటే మాట అనుకుంది. నా బావ పొద్దంతా నీ ముందే నిలబడతాడు, చూసుకో తల్లీ.

హారతి అయింది. హీరాలాల్ సేటు కొబ్బరికాయ కొట్టాడు. హమాలీలు బెల్లం ముక్కల కోసం చేతులు చాపుతుండగా అంజయ్య లోపలికి వచ్చాడు. బాయిలర్ నడిపేది ఆయనే. మహేందర్ ఆయన కింద మనిషి. పూజ జరిగినంతసేపూ అంజయ్య బయట పంపు గట్టు మీద కూర్చుని మిర్చి బజ్జీలు తిన్నాడు. ఉపవాసాల సోమవారం నాడు. వేళ్లు లుంగీకి తుడుచుకుని, మేకుకు వేలాడుతున్న పాత గుడ్డ తీసి, గాజుగొట్టాల ముందు నిలబడి మూడు ఊపుల్లో ఒకటి, మూడు ఊపుల్లో ఇంకోటి తుడిచేశాడు.

"మామయ్యా!" కళ్యాణి గొంతు కీచుగా వచ్చింది. "అది ఇప్పుడే పెట్టిన బొట్టు!"

అంజయ్య తిరిగి చూశాడు. "బాయిలర్‌కు మొగుడున్నడా బిడ్డా, బొట్టు పెట్టనీకి?"

హమాలీలు ఫక్కున నవ్వారు. సేటు మీసం కింద నవ్వాడు. మహేందర్ కూడా నవ్వాడు, సగం దాకా. ఆ తర్వాత ఆమె ముఖం చూసి మిగతాది మింగేశాడు. గుడ్డ మళ్లీ మేకుకు ఎక్కింది. దాని మీద కుంకుమ ఎర్రగా సాగి ఉంది. కళ్యాణి చెయ్యి తనకు తెలియకుండానే తన నుదుటికి వెళ్లింది. బొట్టు ఉంది. అయినా కాసేపు వేలు అక్కడే ఉంచింది.

సాయంత్రం కిరాయి గదిలో కిరోసిన్ స్టవ్వు కాదు, కొత్త గ్యాస్ పొయ్యి. లైటర్ ఒక్క నొక్కుతో వెలిగితే చాలు, ఆమెకు ఇంకా చప్పట్లు కొట్టాలనిపించేది. ఇవాళ ఒక్క నొక్కుతోనే వెలిగింది. ఆమె చప్పట్లు కొట్టలేదు.

"అలిగినవా?" అన్నాడు మహేందర్, కోడిగుడ్డు పెంకు వలుస్తూ. తర్వాత నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, నీకు ఒక్కపొద్దు గదా. నేనొక్కణ్నే తింట."

"నా బొట్టు తుడిచాడు బావా."

"నీది గాదే, బాయిలర్‌ది తుడిచిండు."

"పెట్టింది ఎవరి కోసం?"

అతను గుడ్డును రెండుగా చేసి, పచ్చసొన వేరుగా తీసి పెట్టుకున్నాడు. దాన్ని చివర్లో తినడం అతని అలవాటు. ఆ అలవాటు కనిపెట్టిన రోజు కళ్యాణి కోదాడలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

"అంజయ్య కాక అసుంటి మనిషే," అన్నాడు. "ఇరవై ఆరేండ్ల సంది ఏ గుడి మెట్టెక్కలే. అయినా ఒక్క గీత పడలే ఒంటి మీద."

"అదే," అంది కళ్యాణి. "అదే నాకు మండేది. నేను పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు తాగలేదు. ఎందుకు? నీకేమన్నా అవుతుందేమోనని భయం. ఆయన బజ్జీలు తిన్నాడు. ఆయనకి భయం లేదు. ఏమీ కాలేదు. మరి నేనెందుకు భయపడుతున్నట్టు? ఆయన్ని చూస్తే నేనేదో తెలివితక్కువదాన్నని ఎవరో మొహాన చెప్పినట్టుంటుంది."

"గంత దూరం ఆలోచన జెయ్యకు."

"నవ్వావు కదా నువ్వు."

మహేందర్ పచ్చసొన నోట్లో పెట్టుకోకుండా అలాగే పట్టుకున్నాడు. అది చూసి ఆమెకు నవ్వు రాబోయింది. ఆపుకుంది. పగ కూడా కొత్త కాపురం లాంటిదేనని ఆమెకు ఆ సాయంత్రమే తెలిసింది. దాన్ని తలుచుకుంటూ చేస్తే గిన్నెలు తోమడం కూడా హాయిగా ఉంది.

బుధవారం పొద్దున శాంపిల్ రూములో ఆమె ముందు పళ్లెం నిండా వడ్లున్నాయి. లారీలోంచి గుచ్చి తీసిన వడ్లు. వాటిలోంచి గుప్పెడు తీసి, పొట్టు వలిచి, రంగు మారినవి ఒక పక్కకు, విరిగినవి ఒక పక్కకు చిమటాతో జరపాలి. బీఎస్సీ చదివినందుకు గింజలు ఏరే పనా అని అమ్మ వెక్కిరించింది గానీ, కళ్యాణికి ఆ పని ఇష్టం. ఒక్కో గింజ ఒక్కో ముఖంలా ఉంటుంది.

ఒక వడ్లగింజ మిగతావాటికన్నా లావుగా కనిపించింది. గోటితో పొట్టు చీల్చింది. లోపల రెండు బియ్యపు గింజలు, ఒకదాని వీపుకు ఒకటి ఆనుకుని, పక్క మీద ఇద్దరు పడుకున్నట్టు.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇలాంటిది చూపించడానికి సాయంత్రం దాకా ఆగడం ఎవరి వల్లవుతుంది? ఫోన్ తీసి వీడియో కాల్ చేసింది. మహేందర్ ముఖం తెర మీదికి వచ్చింది. వెనక బాయిలర్ హోరు. "చూడు బావా, చూడు! ఒకే పొట్టులో ఇద్దరు! మనమే!" అతను తెరకు దగ్గరగా వంగి చూశాడు. పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. "గందుల నేనెవర్ని?" అన్నాడు. "గురక పెట్టేవాడివి," అందామె. తెర ఒక్కసారి పక్కకు ఒరిగి, పైకప్పు రేకులు కనిపించి, ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకుంది. నవ్వుకుంటూ జంట గింజను ఫోన్ కవరు వెనక, పారదర్శకంగా ఉన్న చోట దాచుకుంది.

అప్పుడు వినిపించింది అరుపు.

ఆమె పరుగెత్తి వెళ్లేసరికి మహేందర్ కుడి చెయ్యి ముంజేతి నుంచి మోచేతి దాకా పంపు కింద ఉంది. అంజయ్య అతన్ని మెడ కింద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు. చర్మం మీద బుడగలు లేస్తున్నాయి. సుందరమ్మ పసుపు, నెయ్యి కలిపి పట్టుకొచ్చింది. అంజయ్య మోచేత్తో ఆమెను నెట్టేశాడు. "దూరం జరుగు! నీళ్లు తప్ప ఇంకేది తగలొద్దు." గిన్నె కింద పడి పసుపంతా బురదలో కలిసింది. కళ్యాణి కళ్లు ఆ పసుపు మీదే నిలిచిపోయాయి.

మిర్యాలగూడలో కట్టు కట్టి, సూర్యాపేట పెద్దదవాఖానకు రాసిచ్చారు. జీపులో అంజయ్య కూడా వచ్చాడు. సూర్యాపేటలో చీటీ రాసే నర్సు ఎలా జరిగిందని అడిగితే, మహేందర్ నోరు తెరవకముందే ఆయనే చెప్పాడు. "వాల్వు కాడ ఆవిరి ఆపే ప్యాకింగ్ వదులైంది. ఆవిరి ఎగదన్నింది. బిగియ్యాల్సింది నేనే. మరిసిన."

నర్సు రాసుకుంది. కళ్యాణి ఆ మాటలు ఒక్కొక్కటే విన్నది. బొట్టు తుడిచిన చెయ్యి. మరిచిన చెయ్యి. రెండూ ఒకటే.

బయటికొచ్చాక అంజయ్య చొక్కా జేబులోంచి ఒక ఫోన్ తీసి ఆమెకిచ్చాడు. దాని మీద ఊక దుమ్ము. "ఇగో, నీ పెనిమిటి ఫోను. కింద పడ్డది." ఆమె అందుకుంది, ఆయన ముఖం చూడకుండా. ఆ రోజు నుంచి ఆయన్ని మామయ్యా అనడం మానేసింది.

శుక్రవారం నాటికి మిల్లులో పని సగం ఆగింది. కళ్యాణి ఎక్కువేమీ చేయలేదు. సుందరమ్మ దగ్గర ఒక మాట, హమాలీల మేస్త్రీ దగ్గర ఒక మాట, టీ కొట్టు దగ్గర ఇంకో మాట. బొట్టు తుడిచిన మూడో రోజే నా భర్త చెయ్యి కాలింది, మీరే చెప్పండి. మిగతాది వాళ్లే చెప్పుకున్నారు. అయ్యప్ప మాల వేసుకున్న ఇద్దరు ఆ బాయిలర్ పక్కకు రామన్నారు. చర్చికి వెళ్లే ట్రాక్టర్ డ్రైవర్ కూడా, "మా దేవుడు వేరైనా గట్ల తుడుసుడు మంచిది గాదు," అన్నాడు. ఒక్కో మాట తన దగ్గరికి తిరిగి వచ్చినప్పుడల్లా కళ్యాణికి పళ్లెంలో మంచి గింజ దొరికినట్టుండేది.

సేటు అందర్నీ ఆఫీసు వరండాలోకి పిలిచాడు. మహేందర్ కట్టుతో వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"చలో, అంజయ్యా. పంచాయితీ ఎందుకు," అన్నాడు హీరాలాల్. "ఒక కొబ్బరికాయ కొట్టు. బొట్టు పెట్టు. ఖతం."

"కాయ కొడత సేటూ. లోపట నీళ్లున్నయో లేవో నేను గూడ సూస్త." ఒకరిద్దరు నవ్వబోయి సుందరమ్మను చూసి ఆగారు. "తలుపుకు బొట్టు గూడ పెడత, మీ తృప్తికి. గాజుగొట్టాల మీద పెట్టను."

"అక్కడే పెట్టాలి," అంది కళ్యాణి.

ఆయన ఆమె వైపు తిరిగాడు. ఆయన చేతిలో ఆ పాత గుడ్డ ఉంది. దాన్ని పిండుతున్నట్టు మెలిపెడుతున్నాడు.

"తుడిచింది అక్కడే కదా," అందామె. "సేటుగారూ, దేవుడంటే భయం లేని మనిషికి మన ప్రాణాలంటే భయం ఎందుకుంటుంది? మరిచానని ఆయనే చెప్పాడు. నర్సు రాసుకుంది. అడగండి."

వరండాలో అందరి కళ్లూ అంజయ్య వైపు తిరిగాయి. ఆయన మహేందర్ వైపు చూశాడు, ఒక్క క్షణం. మహేందర్ తన కట్టు అంచున ఊడిన దారాన్ని చుట్టుకుంటున్నాడు.

"అవు, చెప్పిన," అన్నాడు అంజయ్య. "నేనే మరిసిన."

"అయితే పెట్టు మరి, గాడనే!" అంది సుందరమ్మ.

"పెట్టను."

సేటు కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. మహేందర్‌కు కూడా బాయిలర్ నడిపే సర్టిఫికెట్ వచ్చి ఆరునెలలైందని అతనికి గుర్తుంది. "అంజయ్యా, నువ్వు జర సూర్యాపేటకు పో. ఇంటి కాడ ఉండు. నేను కబురు పంపిస్త." కబురు రాదని అందరికీ తెలుసు. అంజయ్య గుడ్డను తీసుకెళ్లి మేకుకు తగిలించి, చెప్పులు వేసుకుని, గేటు వైపు నడిచాడు. ఇరవై ఆరేళ్లు పనిచేసిన మనిషి చేతిలో టిఫిన్ డబ్బా ఒక్కటే ఉంది. కళ్యాణి ఆయన గేటు దాటేదాకా చూసింది. ఒక్కసారైనా వెనక్కి చూస్తాడని ఎదురు చూసింది. చూడలేదు. అదొక్కటే వెలితి.

ఆ పూటే ఆమె రెండు గాజుగొట్టాలకూ మళ్లీ పసుపు పట్టించింది. ఈసారి మందంగా, చుట్టూ, మూల మూలకూ. గాజు వేడిగా ఉంది. పసుపు అంటగానే ఎండి పట్టుకుంది. ఇక ఎవరూ తుడవలేరు.

ఆదివారం ఆమె సేమ్యా పాయసం చేసింది. మహేందర్ ఎడమ చేత్తో చెంచా పట్టుకోలేక కాస్త చొక్కా మీద పోసుకున్నాడు. ఆమె తినిపించింది. జీడిపప్పులన్నీ ఏరి అతనికే పెట్టింది. "బాయిలర్ ఇంచార్జ్ గారూ," అంది. అతను నవ్వలేదు. మూడు రోజులుగా అతను నవ్వలేదన్న సంగతి ఆమె పాయసం చల్లారుతుంటే గమనించింది.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. "జంట గింజ దొరికిందన్నావు, ఏ రోజు దొరికిందే? నీ పెళ్లి నక్షత్రమేమో చూద్దాం," అంది కోదాడ నుంచి. కళ్యాణి నవ్వి, ఆ రోజు చేసిన కాల్ ఎప్పటిదో చూడటానికి వేలితో వెనక్కి జరిపింది. బుధవారం. పదకొండు నలభై రెండు. ముప్ఫై ఎనిమిది సెకన్లు.

దవాఖాన చీటీ అద్దం వెనక ఉంది. తీసి చూసింది. గాయం తగిలిన సమయం దగ్గర నర్సు రాసింది. పదకొండు నలభై ఐదు ప్రాంతం.

"బావా." చీటీని అతని ముందు పెట్టింది. ఫోన్ దాని పక్కన పెట్టింది.

మహేందర్ చాలాసేపు ఆ రెండింటినీ చూశాడు. "ఎడమ చేతుల ఫోనుంది. నవ్వుకుంట సూడకుండ కుడి చెయ్యి వాల్వు మీద పెట్టిన. ఆవిరి నా దిక్కు తిరిగింది." ఆగాడు. "గాడ గోడకు రాసుంది సూసినవా, ఫోను పట్టుకుంటె కొలువు బంద్ అని. కాక ముందు ఫోను తీసి జేబుల ఏసుకున్నడు. తర్వాతనే నన్ను పంపు కాడికి గుంజిండు."

"ప్యాకింగ్?"

"ప్యాకింగ్ మంచిగనే ఉంది."

"మరి శుక్రవారం నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు గట్ల మాట్లాడినవ్?" అన్నాడు అతను. పాయసం గిన్నెలో మీగడ కట్టింది.

సోమవారం పొద్దున సుందరమ్మ పూలు పట్టుకుని ముందే వచ్చింది. కళ్యాణి పసుపు పళ్లెంతో బాయిలర్ షెడ్డులోకి అడుగు పెట్టేసరికి మహేందర్ గాజుగొట్టానికి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి ఉన్నాడు. తల అటు వంచాడు, ఇటు వంచాడు. ఎడమ చేత్తో కింది కుళాయి తిప్పి, చెవి పెట్టి విన్నాడు. నుదుటి మీద చెమట. అది పొయ్యి వేడికి పట్టిన చెమట కాదని ఆమెకు తెలిసింది.

"ఏం చూస్తున్నావు?"

"నీళ్లు."

"ఎక్కడ?"

"గీ గొట్టంలనే. లోపట ఎన్ని నీళ్లున్నయో గిండ్లనే కనవడాలె. నీళ్లు అడుక్కు పోయినంక మంట నడిస్తే..." పేలుతుందన్న మాట నోటితో అనకుండా చుట్టూ ఉన్న మనుషుల్ని చూశాడు. ఊక మోసేవాళ్లు, నానబెట్టిన వడ్ల తొట్ల దగ్గర ఉన్నవాళ్లు, సుందరమ్మ. "శుక్రవారం సంది చెవుల తోని నడుపుతున్న."

"తుడవచ్చు కదా!"

"నువ్వు నా కోసం పెట్టిన బొట్టు," అన్నాడు మహేందర్. "నేనెట్ల తుడుస్త?"

కళ్యాణి పళ్లెం సుందరమ్మ చేతిలో పెట్టింది. కొంగు తడిపి ఎత్తేలోపు అతను అరిచాడు. "తడి వద్దు! పగులుతది. పొడి గుడ్డ." పొడి గుడ్డ ఒక్కటే ఉంది, మేకుకు. కుంకుమ మరకతో. ఆమె దాన్ని తీసింది. ఎండిన పసుపు మొదటి ఊపుకు కదలలేదు. రెండో ఊపుకు పెచ్చుగా లేచింది. మూడో ఊపుకు గాజు కనిపించింది.

"అయ్యో పిల్లా, నీకేం పోయేకాలమొచ్చింది!" సుందరమ్మ చేతిలో పూలు జారాయి.

నీళ్లు అడుగున ఉన్నాయి. వేలెడు. వణుకుతూ.

మహేందర్ పంపు వైపు దూకాడు. కళ్యాణి రెండో గొట్టాన్ని కూడా తుడిచింది. నీళ్లు మెల్లగా, వెంట్రుక వెంట్రుకగా పైకి రావడం చూస్తూ నిలబడింది. సగం దాటాక గానీ ఊపిరి తీయలేదు. ఇరవై ఆరేళ్లు అంజయ్య ఇదే చూశాడు. ఒక్క మాట చెబితే ఏం పోయింది? బిడ్డా, దీంట్లో నీళ్లు చూడాలి అని ఒక్క మాట. చెప్పలేదు. నవ్వించాడు. ఆ నవ్వు గుర్తొచ్చి ఆమె చెంపలు మళ్లీ వేడెక్కాయి.

ఆమె మహేందర్ ఫోన్ తీసుకుని షెడ్డు బయటికి, గోడ మీది రాతకు దూరంగా నడిచి అంజయ్య నంబరు నొక్కింది.

"నీళ్లెంతున్నయ్ రా?" అదే ఆయన మొదటి మాట.

"నేను. కళ్యాణిని. సగానికి పైనే ఉన్నాయి. ఇందాక వేలెడే ఉన్నాయి."

అవతల సూర్యాపేట బస్సుల హారన్లు మోగాయి. "పసుపు ఎవరు తుడిసిన్రు?" మళ్లీ పూసిన సంగతి బావ చెప్పి ఉంటాడు.

"నేనే."

ఆమె ఎదురు చూసింది. ఇప్పుడు నవ్వుతాడు. నవ్వితే ఇవ్వడానికి జవాబు సిద్ధంగా ఉంది. అంజయ్య నవ్వలేదు. "మంచిగ జేసినవ్," అన్నాడు. ఆ మెత్తటి మాట ఆమెను చెంపదెబ్బ కన్నా ఎక్కువ బాధించింది.

"ఫోన్ సంగతి తెలిసింది నాకు. సేటుకు చెబుతాను."

"పిచ్చి పని జెయ్యకు. వాని కొలువు పోతది. ప్యాకింగ్ అని చెప్పిన గదా, గదే ఉండనీ."

"అది అబద్ధం కదా."

"అయితే ఏమాయె," అన్నాడాయన. గొంతులో పాత వెటకారం తొంగి చూసింది. "నాకు పాపం తగలదు గద బిడ్డా. మీ అందరి తరపున నేనొక్కణ్ని ఆడిన అనుకో."

కళ్యాణి ఫోన్ పెట్టేసింది. అంటే జీవితాంతం తన ఇంట్లో పొయ్యి వెలిగిన ప్రతిసారీ, బావ కొలువుకు బయల్దేరిన ప్రతి పొద్దునా, ఆ మనిషి వేసిన భిక్ష ఉంటుంది. దేవుడి ముందు దీపం పెట్టినప్పుడు కూడా ఆ అబద్ధం పక్కనే కూర్చుంటుంది. ఆయనకది ఒక జోకు. సూర్యాపేటలో తన గడప మీద కూర్చుని, క్షమించేశానని కూడా అనుకోకుండా, బజ్జీలు తింటాడు. వీల్లేదు.

మహేందర్ షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు. ఆమె ముఖం చూడగానే అతనికి అర్థమైంది. ఆఫీసు గది వైపు చూశాడు. కట్టు కట్టిన చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, కాసేపటికి తల ఊపాడు.

"నేను గూడ వస్త."

"వద్దు బావా. నువ్వు నీళ్లు చూడు."

ఆమె వరండా మెట్లెక్కింది. తన ఫోన్ కవరు వెనక జంట గింజ ఒకటి మీదికి, ఒకటి కిందికి జరిగి ఉంది. వేలితో సరిచేద్దామనుకుని, సరిచేయకుండానే సేటు గది తలుపు తోసింది. తలుపు మీద ఆమె అరచేతి పసుపు పడింది.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు హీరాలాల్.

"ఆ రోజు ఫోన్ చేసింది నేను సేటుగారూ. మా ఆయన నాతో నవ్వుతూ వాల్వు తిప్పాడు. అంజయ్య మామయ్య అబద్ధం చెప్పాడు."

మామయ్య అన్న మాట ఎలా వచ్చిందో తెలియదు. కానీ సేటు చేతిలో పెన్ను ఆగిపోవడం చూస్తూ, అంజయ్య మీద పగ ఇప్పుడు తీరిందని ఆమె అనుకుంది.